వరాహం చుట్టూ అక్షరాలు

వేంగి చాళుక్యుల బంగారు నాణెం మొదటిసారి చూసినవాళ్లు దాన్ని నాణెమనుకోరు. వెడల్పుగా, అప్పడంలా పలచగా ఉంటుంది. నడుమ వరాహం, దాని మీద గొడుగు, అటూ ఇటూ వింజామరలు. అంచు చుట్టూ అక్షరాలు.

అంత పలచని రేకు మీద ఇవన్నీ ఒక్క అచ్చుతో కొట్టినవి కావు. నాణేలు ముద్రించే కమ్మటీడు నడుమ వరాహం ముద్ర వేసి, ఆ తర్వాత ఒక్కో అక్షరాన్నీ విడిగా గుద్దుకుంటూ చుట్టూ తిరిగేవాడు. క్రీ.శ. 1000 ప్రాంతంలో ఏలిన మొదటి శక్తివర్మ నాణెం మీద 'శ్రీ చాళుక్య చంద్రస్య' అని ఉంటుంది. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడి నాణెం మీద ఆయన పేరు, పక్కనే ఏలుబడి సంవత్సరం. పూర్తిగా గుండ్రంగా కుదిరిందా అంటే, కుదరలేదు. నాకు ముచ్చటేసేది అక్కడే, చెయ్యి కనిపిస్తుంది.

ఇవాళ ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఎవరైనా తమ కుక్కపిల్ల బొమ్మ చుట్టూ దాని పేరు బంగారు అక్షరాలతో రాసి పెట్టమంటే కొత్త సరదా అనుకుంటాం. ఆ అమరిక ఈ నేలకు వెయ్యేళ్ల కిందటే తెలుసు. కాకపోతే అప్పట్లో బంగారం రాజుగారి జంతువుకే దక్కేది.

బంగారు నాణేలకంటే ముందు ఇలా బొమ్మా అక్షరాలూ కలిసింది రాగిరేకుల మీద. ఏలూరుకు ఉత్తరాన, పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న నేటి పెదవేగే ఆనాటి వేంగి. అక్కణ్నుంచి ఏలిన శాలంకాయనుల లాంఛనం వృషభం. వాళ్ల రాజు నందివర్మ దానశాసనం ఒకటి కొల్లేరు పేరుతోనే చరిత్రలో నిలిచింది. 1876లో శాసన పరిశోధకుడు ఫ్లీట్ దాన్ని అచ్చు వేయించాడు. రాగిరేకుల మీద పద్ధతి ఒకటే: ఉలితో చెక్కిన అక్షరాలు, రేకుల చిల్లుల్లోంచి దూర్చిన కడియం, కడియం కొసలు కలిసేచోట ముద్ర. లోపలున్న సంస్కృతం ఊరి రైతుకు ఎంత తెలుస్తుంది? ముద్ర మీది ఎద్దు మాత్రం తెలుస్తుంది, తన పాకలో ఉన్నదే కదా. అక్షరం చదువుకున్నవాడికి, జంతువు మిగతా ఊరందరికీ.

ఇంచుమించు క్రీ.శ. 800 నాటి ఐర్లాండ్ సువార్త గ్రంథం 'బుక్ ఆఫ్ కెల్స్'లోనూ ఇదే వరస. క్రీస్తు పేరు రాసిన మహాక్షరం పాదాల దగ్గర పిల్లులు, ఎలుకలు! ఆ పుటల్లో మెరిసేది బంగారమనుకుంటారు చాలామంది. కాదు, హరిదళం. మన వైద్యులకు తెలిసిన పసుపుపచ్చ పాషాణమే.

అసలు బంగారంతో రాయాలంటే ఓపిక కావాలి. రేకును వేలితో ముట్టుకున్నామా, వేలికే అంటుకుపోతుంది. ముందు సుద్ద, జిగురు కలిపిన పూతతో అక్షరాన్ని కాస్త ఉబ్బెత్తుగా రాసి ఆరబెడతారు. దాని మీద నోటి ఆవిరి ఊదితే జిగురు మళ్లీ మేలుకుంటుంది. అప్పుడే రేకు పరచాలి. అది పట్టుకున్నాక నున్నటి అకీకు రాయితో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. పిల్లి మీసాల్లాంటి సన్నని గీతలకు రేకు పనికిరాదు. బంగారాన్ని పొడి చేసి జిగురునీళ్లలో కలిపి కుంచెతో గీయాలి. ఐరోపా లేఖకులు ఆ రంగును ఆల్చిప్పల్లో పెట్టుకునేవారు, అందుకే దానికి 'చిప్ప బంగారం' అని పేరు. ఆల్చిప్పలకు మన కొల్లేట్లో కరువా!

ఇంత ఓపికతో రాసినా, కుక్కకు తన పేరు చదవడం రాదు. బడికెళ్లని నాయనమ్మకూ రాదు. బొమ్మ చూసి మాత్రం ఇది మనదేనని ఆవిడ ఇట్టే చెప్పేస్తుంది.

శక్తివర్మ నాణేలు కొన్ని సముద్రం అవతల, అరకాన్ (నేటి మయన్మార్) తీరాన ఉన్న చెదుబా దీవిలో, సయాంలో (నేటి థాయిలాండ్‌లో) దొరికాయి. అక్కడ ఆ లిపి చదవగలిగినవాళ్లు ఎందరుండేవారో గానీ, పందిని గుర్తుపట్టనివాళ్లు ఉండరు.