కొండమీద మాత, చేతిలో పుస్తకం

జర్మనీకో, నెదర్లాండ్స్‌కో ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన మనవాళ్ళలో ఓ సిద్ధాంతం బాగా చలామణీలో ఉంది. ప్రొటెస్టెంటులు మీటింగుకి టైముకొస్తారట, పొదుపుగా ఉంటారట, చెప్పిన పని చెప్పినట్టు చేస్తారట. కాథలిక్కులేమో మధ్యాహ్నం ఓ కునుకు తీసి "రేపు చూద్దాంలే" అంటారట. అందుకే జర్మనీ అలా ఉంది, ఇటలీ ఇలా ఉంది అని తేల్చేస్తారు. ఇలా చెప్పేవాళ్ళలో చాలామంది మాక్స్ వెబర్ పేరు విని ఉండరు. కానీ ఇది ఆయన 1904-05లో రాసిన వ్యాసాల్లోంచి జారి, నోళ్ళలో నలిగి, కాఫీ మెషీను దగ్గరికి చేరిన మాటే.

దీన్ని పరీక్షించడానికి ఐరోపా దాకా వెళ్ళక్కర్లేదు. మన విశాఖపట్నం వన్‌టౌన్ చాలు.

ముందు ప్రొటెస్టెంటుల సంగతి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖ చేరారు. వచ్చీరాగానే తెలుగు నేర్చుకుని, బైబిల్ తెలుగు చెయ్యడానికి కూర్చున్నారు. వాళ్ళకి సాయం చేసినవాడు ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు. ఈయన మొదట కాథలిక్కుల్లో చేరి, తర్వాత తరంగంబాడిలో ప్రొటెస్టెంటుగా మారి, అక్కణ్ణించి విశాఖ వచ్చాడు. క్రాన్ 1809లో, డి గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ళు తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. అంటే తెలుగులో బైబిల్ అచ్చుకెక్కిన కథ మొదలైంది మన విశాఖలోనే. గుడి సంగతి తర్వాత, ముందు పుస్తకం. ఇదీ వాళ్ళ వరస.

కాథలిక్కులు 1846లో వచ్చారు. ఫ్రాన్సు, స్విట్జర్లాండు సరిహద్దులో ఆల్ప్స్ కొండల్లో ఉన్న ఆన్సీ అనే ఊరి నుంచి, సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు పెట్టుకున్న సంఘం వాళ్ళు. మరుసటేడే, 1847లో, సెయింట్ అలోషియస్ స్కూలు మొదలైంది. 1849లో అదే ఆన్సీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు ముందు యానాం వచ్చారు. 1886లో విశాఖ డయోసిస్ అయింది, 2001లో ఆర్చ్‌డయోసిస్. పోర్టు పక్కనున్న మూడు కొండలు అందరికీ తెలిసినవే. ఒకదానిమీద వెంకటేశ్వరస్వామి, ఒకదానిమీద దర్గా, మూడోదైన రాస్ హిల్ మీద మేరీమాత. 1864లో రాస్ అనే ఆయన కట్టుకున్న ఇల్లే తర్వాత గుడి అయింది. ఏటా డిసెంబరు 8న అక్కడ పండగ. హార్బరులోకి వచ్చే ఓడలన్నీ ఆ కొండల పక్కనుంచే రావాలి.

మరి రోజువారీ బతుకులో తేడా లేదా అంటే, ఉంది. కాదనలేం.

మాటల్లోనే చూడండి. కాథలిక్కులకి ఫాదర్, పూజ, జపమాల. ప్రొటెస్టెంటులకి పాస్టరుగారు, ఆరాధన, వాక్యం, సాక్ష్యం. దేవుణ్ణి పాత కాథలిక్కు ప్రార్థనల్లో సర్వేశ్వరుడంటారు. బాప్టిస్టుల ఇళ్ళలో యెహోవా అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది. తప్పు చేస్తే కాథలిక్కు ఫాదర్ దగ్గరికెళ్ళి పాపసంకీర్తనం చేసుకుని, ఆయన చెప్పిన ప్రార్థనలు చెప్పుకుని ఇంటికొస్తాడు. ప్రొటెస్టెంటుకి మధ్యలో మనిషి లేడు. తనకి తనే లెక్క చెప్పుకోవాలి, లేదా సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి.

బొట్టు, తాళి, పూలదండ, కొవ్వొత్తి, విగ్రహం విషయంలో కాథలిక్కులు మొదట్నించీ కాస్త ఉదారులు. బెజవాడ గుణదలలో మాతకి తలనీలాలిచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1874లో కాకినాడలో దిగి ఉత్తరాంధ్రలోకి విస్తరించిన కెనడియన్ బాప్టిస్టుల సంప్రదాయంలో ఇవేవీ కుదరవు. సారా ముట్టకూడదు, జాతరకి వెళ్ళకూడదు. బదులుగా బైబిల్ చదవగలగాలి, దానికి అక్షరాలు రావాలి. కాథలిక్కులకి రెండో వాటికన్ మహాసభ (1962-65) దాకా పూజ లాటిన్‌లోనే జరిగేది. అర్థం కాకపోయినా మోకాళ్ళ మీద కూర్చుంటే సరిపోయేది.

ఇంతవరకూ చూస్తే వెబర్ గెలిచినట్టే కదా? ఆగండి.

ఆ ఆన్సీ ఊరి కథ తెలుసుకుంటే సీను మారుతుంది. జెనీవా కాల్విన్ చేతికి పోయాక అక్కడి కాథలిక్కు బిషప్పులు తలదాచుకున్న ఊరది. అలాంటి బిషప్పుల్లో ఒకాయనే ఈ ఫ్రాన్సిస్ డి సేల్స్. 1594లో ఆయన్ని ప్రొటెస్టెంటుగా మారిన షాబ్లే ప్రాంతానికి పంపితే, ప్రసంగం వినడానికి ఎవరూ రాలేదు. అప్పుడాయన కరపత్రాలు రాసి ఇళ్ళ తలుపుల కిందనుంచి లోపలికి తోయించాడు. తర్వాతి రోజుల్లో చర్చి ఆయన్ని రచయితలకీ, పాత్రికేయులకీ పోషక పునీతుడిగా ప్రకటించింది. అంటే "పుస్తకం వాళ్ళది, విగ్రహం వీళ్ళది" అనే గీత విశాఖకి రాకముందే చెరిగిపోయింది. ఎదుటివాడి ఆయుధం పనిచేస్తోందనిపిస్తే ఏ మతమైనా అందుకుంటుంది. విశాఖలో కాథలిక్కులు కొండమీద గుడి కంటే ముందు స్కూలు పెట్టడం అందుకే నాకు ఆశ్చర్యం అనిపించదు.

జర్మనీలోనూ ఇదే తేలింది. బెకర్, వోస్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పందొమ్మిదో శతాబ్దపు ప్రష్యా లెక్కలు జిల్లాలవారీగా తిరగేసి 2009లో ఓ పేపరు వేశారు. ప్రొటెస్టెంటు జిల్లాలు ధనికంగా ఉన్నమాట నిజమే. కానీ అక్షరాస్యతని లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా దాదాపుగా మాయమైంది. బైబిల్ చదవాలి కాబట్టి బడి పెట్టారు, బడి వల్ల డబ్బొచ్చింది. కాథలిక్కు బవేరియా ఒకప్పుడు వ్యవసాయ ప్రాంతం. ఇవాళ మన కుర్రాళ్ళు ఉద్యోగాలకి వరసకట్టే మ్యూనిక్ ఉన్నది అక్కడే. మతం మారలేదు, మిగతావి మారాయి.

విశాఖలోనూ అంతే. 1933లో పోర్టు తెరిచాక, తర్వాత స్టీల్ ప్లాంటు వచ్చాక, మనిషి టైమంటే ఏంటో నేర్చుకున్నది ప్రసంగాల్లో కాదు, షిఫ్టుల్లో. సి షిఫ్టుకి వెళ్ళేవాడిది ఏ మిషనో ఫర్నేసు అడగదు.

ఇంకో సంగతి. రెండు మిషన్ల తేడా ఎంత చెప్పుకున్నా, 1950 రాష్ట్రపతి ఉత్తర్వుకి అది కనపడలేదు. దళితుడు క్రైస్తవుడైతే, మాత దగ్గర కొవ్వొత్తి వెలిగించినా, వాక్యం కంఠతా పట్టినా, ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఆ ఉత్తర్వులో చోటిచ్చారు, క్రైస్తవులకి ఇవ్వలేదు. ఊళ్ళో మాత్రం అతని కులం అతన్ని వదల్లేదు. రోజువారీ బతుకుని ఎక్కువగా శాసించింది పోపా, కాల్వినా అని అడిగితే, ఇద్దరూ కాదు, కులం అనే చెప్పాలి.

అసలు మనకి వెబర్‌తో జాగ్రత్త అవసరం మరో కారణానికి. ఆయన అక్కడితో ఆగలేదు. 1916 ప్రాంతంలో హిందూమతం మీద కూడా రాశాడు. కులం, కర్మ నమ్మే సమాజంలో ఆధునిక పెట్టుబడిదారీ విధానం దానంతటది పుట్టదన్నాడు. 1970ల్లో మన ఎదుగుదల మూడున్నర శాతం దగ్గర కుంటుతుంటే, ఆర్థికవేత్త రాజ్ కృష్ణ దాన్ని "హిందూ వృద్ధి రేటు" అన్నారు. ఆ పేరు జనం నోళ్ళలో పడి, లోపం పాలసీలది కాదు మతానిది అన్నట్టు అయిపోయింది. 1980ల నుంచి రేటు మారింది. ఎవరూ మతం మారలేదు మరి!

కాబట్టి ఇటలీవాడి బద్ధకానికి పోపుని కారణం చెప్పే లాజిక్కు, అవతలి ఆఫీసులో మన గురించి ఎవడో వాడుతున్న లాజిక్కూ ఒకటే. మొదటిది ఒప్పుకుంటే రెండోదీ ఒప్పుకోవాలి. ఈసారి ఎవరైనా కాఫీ దగ్గర ఆ సిద్ధాంతం తీస్తే, ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "వాళ్ళ ఊరికి బడి ఎప్పుడొచ్చింది?"