కదలెడు మేఘములు, తప్పెడు గడియారములు

వాతావరణ సూచనను రేడియోలో ప్రతిదినము వినుచునే యుందుము. ఆ నాలుగు మాటల వెనుక మేఘముల నడకను కనిపెట్టు పని యొకటి కలదు. తెరపై కదలుచున్నది నిజముగా మేఘమేనా, లేక యంత్రపు తడబాటా యను సందేహము ఆ పనితోడనే పుట్టినది.

1966 డిసెంబరులో అమెరికావారు ఏ.టి.ఎస్.-1 అను ఉపగ్రహమును ప్రయోగించి, పసిఫిక్ సముద్రముమీద సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిపిరి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన వెర్నర్ సుయోమీ, రాబర్ట్ పేరెంట్ అనువారు కల్పించిన కెమెరా అందుండెను. ఉపగ్రహము నిమిషమునకు సుమారు నూరుమార్లు తనచుట్టు తాను తిరుగుచుండ, కెమెరా భ్రమణమున కొక గీత చొప్పున చిత్రించెడిది. రెండువేల గీతలు చేరి భూగోళ చిత్రము పూర్తియగుటకు ఇరువది నిమిషములు పట్టెడిది. ఆ చిత్రములను సినిమావలె వరుసగా ఆడింపగా మేఘములు నడచుట కన్నుల కగపడెను.

అయితే వానితోపాటు ఖండములును వణకవచ్చును! ఉపగ్రహపు అక్షము కొంచెము వాలినను, గీత మొదలగు క్షణము లేశమాత్రము తప్పినను చిత్రమంతయు ప్రక్కకు జరుగును. తోలుబొమ్మలాటలో దీపము కదలినను నీడ యాడును గదా! చిత్రము 3 కిలోమీటర్లు జరిగిన చాలును, గాలి లేనిచోట గంటకు 9 కిలోమీటర్ల గాలి పుట్టును. తుపాను దారిని లెక్కించువారికి ఇది చిన్న పొరపాటు కాదు. కనుక సముద్రతీరములను గురుతులుగా గొని చిత్రములను సరిపెట్టుట నేర్చిరి. 1970 దశకమున అదే విశ్వవిద్యాలయమున వెలసిన మెకిడాస్ అను కంప్యూటరు వ్యవస్థ ఈ పనికి పేరుపొందినది.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ జావా అను కంప్యూటరు భాషను వెలువరించెను. కొలది యేండ్లకే విస్కాన్సిన్‌లో బిల్ హిబ్బర్డ్, ఆయన సహచరులు విజ్‌యాడ్ అను సాధనమును జావాలో వ్రాసిరి. ఉష్ణోగ్రత, పీడనము, గాలి మున్నగువానిని కాలక్రమమున తెరపై ఆడించుట దాని పనులలో నొకటి. ఇచట ఖండములు వణకలేదు, కాలమే వణకెను.

జావా గడియారము 1970 జనవరి 1వ తేది గ్రీనిచ్ అర్ధరాత్రి మొదలు మిల్లీసెకండ్లను లెక్కించును. విజ్‌యాడ్ లెక్క సెకండ్లలో నుండును. సెకండ్లను మిల్లీసెకండ్లని పొరబడి యిచ్చినచో, 2000 జనవరి 1వ తేది గ్రీనిచ్ లెక్కకు 1970 జనవరి 11వ తేదిగా కనబడును. ఇంత పెద్ద తప్పు మేలే, వెంటనే పట్టుబడును. పట్టుబడనివే చెరుపు చేయును. జావా తొలి పంచాంగములో జనవరి సున్నయవ నెల. ఎరుగనివాని లెక్క నెల తప్పును. 2014లో వచ్చిన క్రొత్త కాలవిభాగమున జనవరి ఒకటవ నెలయైనది. మన దేశములో గ్రీనిచ్ అర్ధరాత్రి తీసిన చిత్రము ఉదయము 5.30కు తీసినట్లు తెరపై పడును. వేళ ప్రక్కన ఏ దేశపు వేళయో వ్రాయనిచో చూపరి మోసపోవును.

చిత్రము గెంతుచు నడచుట వేరొక జబ్బు. జావా తెరలకు సేవచేయు వరుస ఒక్కటే. బరువైన గణనమును ఆ వరుసలోనే పెట్టినచో తెర స్తంభించును. పైగా మరల గీయుమని పలుమార్లు కోరినను, జావా ఆ కోరికలను కలిపి ఒక్కమారే గీయవచ్చును. నడుమ చిత్రములు మాయమగును. మెల్లగా పోవు మేఘము దూకినట్లు తోచును.

ఇట్టి దోషమును వెదకుటకు నాకు నచ్చినది సుయోమీనాటి ఉపాయమే. చిత్రముపై తీరరేఖ గీసి, మూలన ఆయా చిత్రముల సొంత వేళను ముద్రించి, ఆటను ఆపి ఒక్కొక్క చిత్రమును చేతితో జరుపవలెను. తీరము కదలినచో చిత్రములు సరిపడలేదు. తీరము నిలిచి, వేళల నడుమ ఎడము హెచ్చుతగ్గులైనచో దత్తాంశపు కాలమును చూడవలెను. చేతితో జరిపినప్పుడు అన్నియు సరిగానుండి, ఆడించినప్పుడు మాత్రమే గెంతినచో, తప్పు మేఘములదిగాని గడియారమునదిగాని కాదు. తెరకు చిత్రము నందించు భాగమునది.