ఆర్డుయినో ఫలకము: దాని పుట్టుపూర్వోత్తరములు

రాజుల వంశచరిత్రలను శ్రద్ధతో చదువుదుము. పనిముట్ల వంశచరిత్రలను విచారించువారు అరుదు. నేడు నేను మనవి చేయబూనినది అట్టి యొక పనిముట్టు కథ. దాని పేరు ఆర్డుయినో నానో. పొడవు 45 మిల్లీమీటర్లు, వెడల్పు 18 మిల్లీమీటర్లు, తూకము సుమారు 7 గ్రాములు.

ఈ పలుచని ఫలకముపై మైక్రోకంట్రోలరు అను చిన్న చిప్పు కలదు. గణించు భాగము, జ్ఞాపకముంచుకొను భాగము, వెలుపలి తీగలతో సంబంధము కల్పించు ద్వారములు, ఈ మూడును దానియందే యిమిడియున్నవి. కంప్యూటరుపై మనము వ్రాసిన యాజ్ఞలను ఒక్క పర్యాయము దీనికి పంపితిమేని, విద్యుత్తు పోయినను మరువక, మరల రాగానే వానిని మొదటినుండి నడపును. నేలతేమను తెలుపు సాధనమును ఒక ద్వారమునకును, రిలేను మరియొక ద్వారమునకును తగిలించినచో, మొక్కల పాదు ఎండినపుడు చిన్న మోటారును నడిపి, తడిసినపుడు ఆపును.

ఇది పుట్టిన చోటు ఉత్తర ఇటలీలోని ఇవ్రియా పట్టణము. 1908లో స్థాపింపబడిన ఒలివెట్టి టైపురైటర్ల సంస్థవలన ఆ యూరు ప్రసిద్ధికెక్కినది. ఈ శతాబ్దారంభమున నచ్చట నొక రూపకల్పనా విద్యాలయము నడచుచుండెను. విద్యుచ్ఛాస్త్రము నెరుగని విద్యార్థులకు ఆనాటి ఫలకములు వెలలోను వాడుకలోను భారమయ్యెను. ఆ కొరత తీర్ప, కొలంబియా దేశీయుడగు హెర్నాండో బర్రగాన్ అను విద్యార్థి 2003లో తన సిద్ధాంతవ్యాసమునకై 'వైరింగ్' అను ఫలకమును, ఆజ్ఞలు వ్రాయుటకు సులభమైన పద్ధతిని నిర్మింప నారంభించెను. మాసిమో బాంజీ, కేసీ రీస్ అతనికి పర్యవేక్షకులు.

2005లో బాంజీయు, డేవిడ్ మెల్లిస్, డేవిడ్ క్వార్టియెల్లెస్ అనువారును ఆ వైరింగునే వెల తక్కువ చిప్పునకు అమర్చి, వేరుదారిని నడిపిరి. అదియే ఆర్డుయినో. టామ్ ఐగో, జాన్‌లూకా మార్టినో వారికి తోడైరి. 1002లో ఇటలీకి రాజైన ఇవ్రియా ప్రభువు ఆర్డుయిన్ పేర నా యూర నొక పానశాల యుండెను. మిత్రులు కలిసికొను ఆ చోటి పేరే ఫలకమునకు వచ్చెను.

అంతలో విద్యాలయమునకు ద్రవ్యలోపము కలిగి మూతపడు గతి పట్టెను. తమ కృషి దానితో నశించునని తలచి, నిర్మాతలు ఫలకపు నకాసులను లోకమునకు వెల్లడించి, ఎవ్వరైనను చేసికొనవచ్చుననిరి. తాళపత్రగ్రంథము ఒక్క భోషాణమునందే యున్నచో చెదలపాలగును. పది యూళ్ల లేఖకులు ప్రతులు వ్రాసికొన్నచో నిలుచును. అట్లే విద్యాలయము పోయినది, ఫలకము నిలిచినది. 2008లో నానో రూపము వెలువడినది. దాని ప్రతులను అనేక దేశములలో చేసి చౌకగా అమ్ముచున్నారు.

అయినను, ప్రతులు పెరిగినకొలది మూలకర్త పేరు జారిపోవుట మన మెరుగనిది కాదు. ఆర్డుయినో కథ చెప్పిన పలువురు బర్రగాన్ పేరు తలపరైరి. తుదకు 2016 ప్రాంతమున ఆయనయే ఆ పూర్వకథను వ్రాసి ప్రకటింపవలసి వచ్చెను. వైరింగును ఆయనయు దాచక లోకమున కిచ్చినవాడే. కనుక దానిని గైకొనుట దోషము కాదు. ఋణము చెప్పకుండుటయే లోపము.

పాఠము మొదలిడునపుడు గురువును, గురువునకు గురువును స్మరించుట మన మర్యాద. మీ ఇంటి బాలుడు ఈ ఫలకముతో దీపము వెలిగించి చూపినపుడు, వానిని మెచ్చుకొని, బర్రగాన్ పేరు కూడ వానికి చెప్పుడు.