కొండవీటి గోపన: మేనల్లుడి పదవి, సంత సుంకాల సాక్ష్యం

1515 జూన్ 23న కొండవీటి కోట శ్రీకృష్ణదేవరాయల వశమైంది. ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు బందీగా చిక్కాడు. కోట గెలవడం ఒక ఎత్తు, సీమను నిలుపుకోవడం ఒక ఎత్తు. సుమారు అరవై ఏళ్లు గజపతుల ఏలుబడిలో ఉన్న నేల అది. రాయలు దాన్ని మహామంత్రి సాళువ తిమ్మరుసు చేతిలో పెట్టాడు. తిమ్మరుసు తన మేనల్లుడు నాదిండ్ల గోపనకు కొండవీటి అధికారం ఇచ్చాడు. ఇంటిపేరును బట్టి చూస్తే ఈ కుటుంబం మూలాలు కోటకు దగ్గరలోనే, నేటి పల్నాడు జిల్లా నాదెండ్లలో ఉన్నాయనుకోవచ్చు. పన్నెండో శతాబ్దంలో కొండపడుమటి ప్రభువుల రాజధాని ఆ ఊరే.

గోపన వయసు శాసనాలకెక్కలేదు. అతను తిమ్మరుసు తర్వాతి తరం వాడు, పదవి మేనమామ ఇచ్చింది. నిశ్చయంగా చెప్పగలిగింది ఇంతే. సోదరుడు అప్పన కూడా ఆ నీడలోనే పైకి వచ్చాడు. మాదయగారి మల్లన ‘రాజశేఖర చరిత్రము’ను అంకితమిచ్చింది ఆ అప్పనకే. అయితే అంతా చుట్టరికమేనా? ఈ ప్రశ్నను తేల్చేముందు సాక్ష్యాల బరువు తూచుకోవాలి.

ముందుగా ఒక పొంతనలేమి ఉంది. 1535 ప్రాంతంలో రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, తిమ్మరుసు రాయల వెంట వెళ్లాల్సివచ్చి తన తమ్ముణ్ణి కోటలో ఉంచాడంటాడు. శాసనం మేనల్లుడంటుంది. నూనిజ్ విన్నది ఇరవై ఏళ్ల నాటి మాట, పైగా పరాయి భాషలో విన్న మాట. గోపన బతికుండగా, అతను పాలిస్తున్న చోటే చెక్కిన రాతికి ఎక్కువ విలువ ఇవ్వడం న్యాయం. అలాగని నూనిజ్ చెప్పింది తప్పని కొట్టేయనక్కర్లేదు. 1515లో ఒకరు, ఆ తర్వాత మరొకరు ఆ బాధ్యత చూసి ఉండవచ్చు.

ఆ రాయి 1520 నాటి కొండవీటి శాసనం. శాసన పండితుడు ల్యూడర్స్ దాన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ ఆరో సంపుటంలో ప్రకటించాడు. కోటలో రాఘవస్వామి ఆలయానికి గోపన చేసిన ఏర్పాట్లు అందులో ఉన్నాయి. సంస్కృత శ్లోకాల్లో వంశస్తుతి ఘనంగా సాగుతుంది. ఆ భాగాన్ని నేను పెద్దగా నమ్మను. ఏ అధికారి శాసనంలోనైనా అలాంటి పొగడ్తే ఉంటుంది. నాకు విలువైనదిగా కనిపించేది తెలుగు వచన భాగం. సంతకు వచ్చే సరుకుల మీద స్వామికి ఎంత సుంకం చెల్లాలో అది ఒక్కొక్కటే చెబుతుంది. జొన్నలు, ఉప్పు, వంకాయలు, చింతపండు, అల్లం, బెల్లం, నెయ్యి, ఆముదం, ఇనుము, ఉక్కు, లవంగాలు, జాజికాయ... పొగడ్తకు పనికొచ్చే మాట ఇందులో ఒక్కటీ లేదు. నమ్మదగ్గది కావడానికి కారణం అదే.

పొలంలో పండిన వంకాయ, ఓడ దిగి వచ్చిన లవంగం ఒకే జాబితాలో ఉన్నాయి. ముట్టడి జరిగిన ఐదేళ్లకే ఊళ్ల రైతులకూ దూరదేశపు వర్తకులకూ కొండవీటి దారులు తెరిచే ఉన్నాయని దీన్నిబట్టి ఊహించవచ్చు. ఊహ అని ఎందుకంటున్నానంటే, సుంకాల పట్టీ ఏయే సరుకు వస్తుందని ఆశించారో చూపుతుంది, ఎంత వచ్చిందో చూపదు. వచ్చినా ఆ ఘనత గోపనదేనని రుజువు కాదు. పాత రెడ్డిరాజుల రాజధానిగా కొండవీటికి ముందునుంచే వర్తకం అలవాటు. కానీ కొత్త పాలకుడు గుడి ఆదాయాన్ని సంతకు ముడిపెట్టడం మాత్రం తెలిసి చేసిన పనే. సంత కళకళలాడితేనే స్వామికి ధూపదీప నైవేద్యాలు సాగుతాయి. ఇక సంతలో ఎవరైనా వర్తకుణ్ణి పీడిస్తే ఆ నష్టం గుడికీ తగులుతుంది.

చుట్టరికంతో అందనిది గోపనకు మరొకటుంది, పాండిత్యం. కృష్ణమిశ్రుని ‘ప్రబోధచంద్రోదయం’ నాటకానికి ‘చంద్రిక’ అనే సంస్కృత వ్యాఖ్య రాసింది ఇతనే. తర్వాత బొంబాయి నిర్ణయసాగర ముద్రణాలయం దాన్ని నాటకంతో కలిపి అచ్చువేసింది. వివేకుడికీ మహామోహుడికీ నడిచే యుద్ధమే ఆ నాటకం. ఇద్దరూ మనసు అనే ఒకే తండ్రి సంతానం కనుక అది దాయాదుల పోరు కూడా. దుర్గాధికారి ఒకడు దాన్ని ఎంచుకోవడంలో రాజకీయం వెతకడం తేలికే గాని, మేనమామ తిమ్మరుసు కూడా అగస్త్యుని ‘బాలభారతం’పై ‘మనోహర’ వ్యాఖ్య రాశాడు. కాబట్టి వ్యాఖ్యారచన ఆ ఇంటి చదువులో భాగమనుకోవడమే సాక్ష్యానికి దగ్గరగా ఉంటుంది.