ఫెల్టు తయారీ

వడకకుండా, నేయకుండా గొర్రె ఉన్నిని నేరుగా తడిపి, నలిపి, దట్టంగా చిక్కబరచి చేసే దళసరి బట్ట ఫెల్టు. కశ్మీర్, రాజస్థాన్, కచ్ ప్రాంతాల్లో దీన్ని నమ్దా అంటారు. రైల్వే ఊళ్లలో మాత్రం ఇది యంత్రభాగంగానే ఎక్కువ పరిచయం. ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) బోగీల యాక్సిల్ బాక్సుల్లో గ్రీజు కారకుండా, దుమ్ము చొరబడకుండా ఉన్ని ఫెల్టు రింగులు వేసేవారు. కొత్త రింగును బిగించే ముందు 40-50 డిగ్రీల వేడి నూనెలో అరగంట నానబెట్టాలని నియమం. తర్వాత నైట్రైల్ రబ్బరు రింగులు వచ్చాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్‌ఆర్) రోజుల నుంచి తెలుగు కుటుంబాలు తరతరాలుగా పనిచేస్తున్న ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు ఫిట్టర్లకు ఫెల్టు కొత్త వస్తువు కాదు. దాన్ని చేత్తో చేయడం వేరే విద్య.

ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి సూక్ష్మమైన పొరలు ఉంటాయి. గోరువెచ్చని సబ్బునీళ్లు తగిలితే పోగు ఉబ్బి, మెత్తబడి, జారుతుంది. పొలుసులన్నీ కొన వైపే వాలి ఉంటాయి కాబట్టి, రుద్దిన కొద్దీ పోగు మొదలు వైపు జరుగుతుందే తప్ప వెనక్కి రాదు. అలా వేల పోగులు ఒకదానిలో ఒకటి దూరి బిగుసుకుంటాయి. ఇక వాటిని విడదీయలేం. పత్తికి, పట్టుకు ఈ పొలుసులు లేవు.

అందుకే నేర్చుకునేవారు ముందు సరుకును గుర్తుపట్టాలి. మన బజారులో ఊలు పేరుతో అమ్మే ఉండల్లో చాలావరకు అక్రిలిక్. ఎంత రుద్దినా అది ఫెల్టు కాదు. ఒక పోగు కాల్చి చూస్తే తెలిసిపోతుంది. అసలు ఉన్ని కాలిన వెంట్రుకల వాసన వేసి బూడిదగా నలుగుతుంది, అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మారుతుంది. మెషిన్‌లో ఉతకొచ్చని రాసి ఉన్న ఉన్ని కూడా పనికిరాదు. దాని పొలుసులను ముందే అణచేసి ఉంటారు. మెరీనో వంటి సన్న ఉన్ని త్వరగా పట్టుకుంటుంది, ముతకది ఆలస్యంగా. మొదలుపెట్టేవారికి సన్నదే మేలు.

ఏకిన ఉన్నిని పలచని పొరలుగా, ఒకటి నిలువు, దాని మీదది అడ్డం, ఇలా మూడు నాలుగు వరుసలు పరుస్తారు. బిగిశాక సుమారు మూడో వంతు కుంచించుకుపోతుంది. 20 సెంటీమీటర్ల ముక్క కావాలంటే 30 సెంటీమీటర్ల మేర పరచాలి. పరిచాక చల్లే సబ్బునీళ్లు ఎక్కువైతే పోగులు తేలిపోతాయి. తొందరపడి గట్టిగా రుద్దితే పొరలు చెదిరి బొక్కలు పడతాయి. మొదట అరచేత్తో అదమడమే, తర్వాత మెల్లగా రుద్దడం. వేళ్లతో గిల్లి లేపినప్పుడు పోగులు విడిగా రాకుండా బట్ట మొత్తం లేస్తే, అప్పుడు చాపలో చుట్టి దొర్లించాలి. దిశ మార్చి మార్చి దొర్లించకపోతే ఒక వైపే ముడుచుకుపోతుంది. ఈ దశకు ఖరగ్‌పూర్ వాసులకు మంచి సాధనం దగ్గరలోనే దొరుకుతుంది: తమ పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే ఉన్న సబంగ్ మాదుర్ చాపలకు పేరుపొందింది. నీళ్లు లేకుండా, ముళ్లున్న సూదితో పొడిచి బొమ్మలు చేసే పద్ధతి ఫెల్టు చేసే యంత్రాల సూదుల నుంచి వచ్చింది. చేతిపనిగా అది 1980వ దశకంలో అమెరికాలో మొదలైంది.

ఈ కళ చాలా పాతది. ఆల్టాయ్ పర్వతాల్లోని పాజిరిక్ సమాధుల మంచులో రెండు వేల ఏళ్లకు పైబడిన ఫెల్టు తెరలు, హంస బొమ్మలు చెక్కుచెదరకుండా దొరికాయి. కిర్గిజ్‌స్తాన్ ఫెల్టు తివాచీల కళను యునెస్కో 2012లో అత్యవసరంగా కాపాడవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది.

తెలుగు నేల మీద ఫెల్టు సంప్రదాయంగా వేళ్లూనకపోవడం ఆలోచింపజేసే విషయం. కచ్‌లో నమ్దా చేసేది పింజారా, మన్సూరీ కుటుంబాలు; విల్లుతో దూది ఏకడమే వాళ్ల కులవృత్తి. అదే వృత్తి, అదే విల్లు మన దూదేకులవారికీ ఉన్నాయి. తెలంగాణ కురుమల దగ్గర దక్కని గొర్రెల నల్ల ఉన్ని ఉంది. కానీ ఆడవాళ్లు ఆ ఉన్నిని వడికితే, మగవాళ్లు చింతగింజల గంజి పట్టించి గొంగడి నేశారు. వానలో, చలిలో మంద వెంట నడిచే కాపరికి భుజాన వేలాడే గొంగడి కావాలి, నేల మీద పరిచే నమ్దా కాదు. నా దృష్టిలో అసలు కారణం అదే. ఇప్పుడు గొంగడి గిరాకీ తగ్గి, కత్తిరించిన ఉన్నికి ధర పలకడం లేదు. ముతకదైనా చెప్పుల అట్టలకు, ఆసనాలకు, సంచులకు ఈ ఉన్ని ఫెల్టు బాగా పనికొస్తుంది.

నేర్పితే చేతులు దొరుకుతాయనడానికి కశ్మీరే ఉదాహరణ. ముడిసరుకు, పనివాళ్లు, అమ్మకపు మెళకువలు కొరవడి 1998-2008 మధ్య అక్కడి నమ్దా ఎగుమతి దాదాపు పూర్తిగా ఆగిపోయింది. 2021లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద ఆరు జిల్లాల్లో శిక్షణ మొదలుపెట్టారు. ఒక్కో విడత సుమారు మూడున్నర నెలలు. దాదాపు 2,200 మంది నేర్చుకున్నారు, 2023లో సరుకు మళ్లీ బ్రిటన్‌కు వెళ్లింది.