ఆజాదీ దర్వాజా ముందు ఆడపిల్లలు

ఆజాదీ అంటే ఏంటో మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఫార్సీ నుంచి ఉర్దూలోకి, ఉర్దూ నుంచి మన నాలుక మీదికి వచ్చిన లఫ్జ్ అది. ఫార్సీ మాట్లాడే ఇరాన్‌లో, రాజధాని తెహరాన్‌లోని పెద్ద ఫుట్‌బాల్ మైదానం పేరు కూడా ఆజాదీయే. దాదాపు నలభై ఏళ్లు ఆ ఆజాదీలోకి ఖవాతీన్‌కు మాత్రం ఇజాజత్ లేదు.

ఆ స్టేడియంను షా జమానాలో కట్టారు. 1974 ఆసియా క్రీడలు అక్కడే జరిగాయి. అప్పుడు దాని పేరు ఆర్యమెహర్, అది షా బిరుదు. 1979 ఇంకిలాబ్ తర్వాత ఆ పేరు తీసేసి ఆజాదీ అని పెట్టారు. షా జుల్మ్‌కు ఖిలాఫ్‌గా సడక్‌ల మీదికి వచ్చిన లక్షలమందిలో ఆడవాళ్లూ ఉన్నారు. చాదర్ కప్పుకున్నవాళ్లూ వచ్చారు, కప్పుకోనివాళ్లూ వచ్చారు. ఇంకిలాబ్ గెలిచింది. 1981 తర్వాత ఫుట్‌బాల్ చూడ్డానికి వాళ్లకే గేటు మూసేశారు. దానికి రాసిపెట్టిన ఖానూన్ కూడా ఏమీ లేదు. స్టేడియంలో మగాళ్లు బూతులు తిడతారు, ఆ మాహౌల్ ఆడవాళ్లకు మంచిది కాదన్నారు. తిట్టేవాడు లోపల కూర్చున్నాడు, ఏ తప్పూ చేయని ఆడది బయట నిలబడింది.

ఇది దీన్ చెప్పిందా? హబ్షీలు మస్జిద్-ఎ-నబవీలో ఈటెలతో ఆడుతుంటే హజ్రత్ ఆయిషా (రజి) చూశారని సహీ బుఖారీలో ఉంది. హుజూర్ (స) తన చాదర్‌ను ఆమెకు అడ్డం పట్టుకుని, ఆమెకు తనివి తీరేదాకా అలాగే నిలబడ్డారు. ఆమెతో ఆయన పరుగు పందెం వేశారని అబూ దావూద్‌లో ఉంది. ఒకసారి ఆమె గెలిచారు, తర్వాత ఇంకోసారి ఆయన గెలిచారు. అంటే ఆయన పర్దా ఇచ్చారు, దర్వాజా మూయలేదు. మూసింది హుకూమత్. ఆడవాళ్లు గుంపుగా ఒకచోట చేరి గొంతెత్తి అరిస్తే ఏమవుతుందో దానికి తెలుసు. షాను దింపిన గొంతుల్లో అవీ ఉన్నాయి కదా.

1997 నవంబర్ 29న మెల్‌బోర్న్‌లో ఇరాన్, ఆస్ట్రేలియాతో ఆడింది. 2-0తో వెనకబడి, చివర్లో రెండు గోల్స్ కొట్టి వరల్డ్ కప్‌కు వెళ్లింది. టీమ్ తెహరాన్‌కు తిరిగొచ్చిన రోజు ఆజాదీలో జష్న్ పెట్టారు. ఆడవాళ్లు ఇంట్లో టీవీలో చూసుకోవాలని హుకుం వచ్చింది. అయినా వేలమంది గేటు దగ్గరికి వచ్చారు. మేం ఈ ముల్క్ వాళ్లం కాదా అని అడిగి, తోసుకుని లోపలికి వెళ్లారు. ఆ ఒక్క రోజు గేటు వాళ్ల ముందు ఓడిపోయింది.

తర్వాత వచ్చిన ఆడపిల్లలు దాన్ని మర్చిపోలేదు. కొందరు తెల్ల రూమాళ్లు కట్టుకుని గేటు ముందు నిలబడ్డారు. కొందరు మగ వేషంలో దూరారు. ఆ కథనే జాఫర్ పనాహీ 'ఆఫ్‌సైడ్' సినిమాగా తీశాడు. 2006లో బెర్లిన్‌లో దానికి సిల్వర్ బేర్ ఇచ్చారు, ఇరాన్‌లో మాత్రం ఆడనివ్వలేదు. అదే ఏడాది ప్రెసిడెంట్ అహ్మదీనెజాద్ ఆడవాళ్లను రానిద్దాం అన్నాడు. పెద్ద పెద్ద ఆయతుల్లాలు ఒప్పుకోలేదు. చివరికి సుప్రీం లీడర్ ఖామెనీ మాటతో అది ఆగిపోయింది.

చూసేవాళ్ల హాల్ ఇది. ఆడేవాళ్ల హాల్ ఇంకో రకం. 2011లో ఒలింపిక్ క్వాలిఫయర్ కోసం అమ్మాన్ వెళ్లిన ఇరాన్ అమ్మాయిలను, తలకు కట్టుకున్న బట్ట కారణంగా ఫిఫా ఆడనివ్వలేదు. వాళ్లు మైదానంలోనే ఏడ్చారు. బట్ట తీస్తే సొంత హుకూమత్ ఒప్పుకోదు, కట్టుకుంటే ఫిఫా ఒప్పుకోదు. ఫిఫా ఆ రోక్ తీసేసింది 2014లో. బలవంతంగా కట్టించేవాడూ, బలవంతంగా విప్పించేవాడూ ఇద్దరూ ఆ పిల్లను అడగరు.

2015లో ఫుట్సల్ కెప్టెన్ నీలూఫర్ అర్దలాన్ మలేషియా టోర్నీకి వెళ్లలేకపోయింది. పెళ్లయిన ఆడదానికి పాస్‌పోర్ట్ కావాలంటే షోహర్ ఇజాజత్ ఉండాలి, ఆయన ఇవ్వలేదు. ఆమె ఖామోష్‌గా ఊరుకోకుండా దునియాకు చెప్పింది. కొన్ని నెలల తర్వాత అదాలత్ ప్రత్యేక ఇజాజత్‌తో గ్వాటెమాలాలో ఆడింది. 2022 జనవరిలో ఇరాన్ మహిళల టీమ్ తొలిసారి ఆసియా కప్‌కు వచ్చింది, అదీ మన దేశానికే. నవీ ముంబైలో ఇండియాతో 0-0 డ్రా చేసుకుంది.

ఈ మధ్యలో ఒక జాన్ పోయింది. సహర్ ఖొదాయారీ, 29 ఏళ్లు, ఇస్తెగ్లాల్ క్లబ్ ఫ్యాన్. ఆ క్లబ్ రంగు నీలం. 2019 మార్చిలో మగ వేషంలో ఆజాదీకి వెళ్లి పట్టుబడింది. జైలు తప్పదేమోనన్న భయంతో సెప్టెంబర్‌లో కోర్టు బయట ఒంటికి నిప్పంటించుకుని, వారానికి ఆసుపత్రిలో వఫాత్ అయింది. ఆమెను 'నీలి అమ్మాయి' అని తలుచుకుంటారు. జాన్ ఇవ్వడాన్ని నేను హిమ్మత్ అనను. ఒక ఆట చూడాలన్న కోరికకు అంత డర్ పుట్టించడమే జుల్మ్ అంటాను.

అప్పుడు ఫిఫా గట్టిగా పట్టుబట్టింది. 2019 అక్టోబర్ 10న కాంబోడియాతో మ్యాచ్‌కు దాదాపు 3,500 మంది ఆడవాళ్లు టికెట్ కొని ఆజాదీలోకి వెళ్లారు. వాళ్లను విడిగా కంచె వెనక కూర్చోబెట్టారు. ఇరాన్ 14-0తో గెలిచింది. అయినా జంగ్ అక్కడితో ఖతం కాలేదు. 2022 మార్చిలో మష్హద్‌లో టికెట్లు చేత పట్టుకుని వచ్చినవాళ్లను గేటు బయటే ఆపి, పెప్పర్ స్ప్రే కొట్టారు.

ఇరాన్ గురించి చదివి, పాపం అనుకుని వదిలేయడం ఆసాన్. మన గల్లీల్లో అసర్ నుంచి మగ్రిబ్ దాకా మగపిల్లలు క్రికెట్ ఆడతారు, ఆడపిల్లలు మిద్దె మీంచి చూస్తారు. ఇక్కడ ఆపడానికి ఏ హుకూమత్ లేదు, లోగ్ క్యా కహేంగే అన్న మాటే ఉంది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు అందరం ముబారక్ చెప్పాం. అంతకు ముందు ఆమె నిక్కరు చూసి మాటలన్నది కూడా మనవాళ్లే. ఆ మాటలు పట్టించుకోకుండా ఆమె అబ్బా వెంట నిలబడ్డాడు. రేపు మీ బేటీ కిందికి దిగి బ్యాట్ అడిగితే, వద్దు అనే ముందు ఆ వద్దు దీన్‌దా, గల్లీదా అని ఒక్కసారి చూసుకోండి.