వినడం నుంచి ఆపడం దాకా

జర్మన్‌లో ‘ఔఫ్‌హోరెన్’ అంటే ఆపడం, మానడం. అయితే ఇందులోని ‘హోరెన్’కు అర్థం వినడం, ‘ఔఫ్’ అంటే పైకి. వినికిడికీ విరమణకూ ముడి మధ్యయుగ జర్మన్‌లో పడింది. అప్పట్లో ఈ సమాస క్రియకు చెవి రిక్కించి వినడమనే అర్థముండేది. శ్రద్ధగా వినాలంటే చేతిలో పని ఆపాలి. ఆ ఆపడమే క్రమంగా అసలు అర్థమై, వినడం మరుగునపడింది. పాత అర్థపు ఛాయ ‘ఔఫ్‌హోర్హెన్’ అనే సోదర క్రియలో నేటికీ ఉంది: ఏదో చెవినపడి ఉలిక్కిపడి వినడం. హోరెన్‌కు గోతిక్ భాషలో జ్ఞాతి ‘హౌస్యన్’. ఇంగ్లిషు ‘హియర్’ కూడా ఆ కుటుంబానిదే. వాక్యంలో ఔఫ్‌హోరెన్ రెండుగా విడిపోతుంది: ‘ఇష్ హోరె ఔఫ్’ అంటే ‘నేను ఆపుతున్నాను’.